ఒక్క మోకాలు

ఆమోసు తాతకి అబద్ధం చెప్పడం చేతకాదు. చెబితే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత దగ్గొస్తుంది, ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా వాతావరణం గురించి మాట్లాడతాడు. అలాంటి మనిషి ఒక అబద్ధాన్ని ఏడాదికి పైగా మోశాడు. అదీ అమెరికాలో, అదీ పిస్కాటవే తెలుగువాళ్ళ మధ్య. అక్కడ ఎవరింట్లో చేపల పులుసు మాడినా సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది.

ఇంతకీ ఆ అబద్ధం ఏమిటంటే, ఇండియాలో తను మిషను ఆస్పత్రిలో స్టోర్‌కీపర్‌ని అని. నిజానికి అందులో అబద్ధం కూడా లేదు. ఇరవయ్యారేళ్ళు ఫినాయిలు డబ్బాలకీ దూది కట్టలకీ కాపలా కాశాడు. దాచిపెట్టింది అంతకుముందు సంగతి. అంతకుముందు ఆయన భీమవరం దగ్గర ఒక మిషను బడిలో డ్రిల్లు మేష్టారు. దీనమ్మ నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక ఫొటో ఉండేది. కొమ్ములు తిరిగిన మీసం, మెడలో నల్లతాడుకి వేలాడే ఈల, ముగ్గురు పిల్లలు దాక్కోడానికి సరిపోయేంత వెడల్పు ఖాకీ నిక్కరు. ఆ ఫొటో ఎవరైనా తీస్తే తాత దగ్గేవాడు.

తాతా నాయనమ్మా పందొమ్మిది వందల డెబ్భై ఏడులో అమెరికా వచ్చారు. కూతురు, అంటే మా మేనత్త ప్రేమజ్యోతి, అక్కడ నర్సు. సిటిజన్‌షిప్ రాగానే స్పాన్సర్ చేసి తెచ్చుకుంది. వచ్చిన రెండోవారమే తెలుగు సంఘం కూడికకి తీసుకెళ్ళింది. నెలకోసారి, రెండో శనివారమో మూడో శనివారమో, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. యాభైమంది ఉండేవాళ్ళు. పాటలు, బైబిలు వాక్యం, చివర్లో రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ప్రభువు బల్ల, ఆ తర్వాత టీ, కేకు, సమోసాలు.

ఆ మొదటి రోజు బల్ల దగ్గర అందరూ మోకరించారు. ఒక్కడు మాత్రం నిలబడే రొట్టె తీసుకున్నాడు. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, మంచి సూటు. కుడికాలు కర్రలా నిటారుగా పక్కకి పెట్టుకుని నిలబడ్డాడు. పేరు అబ్రహాం. మందుల కంపెనీలో కెమిస్టు, పీహెచ్‌డీ చేశాడు కాబట్టి సంఘంలో అందరికీ డాక్టరు గారు. టీ తాగుతున్నప్పుడు దీనమ్మ పాపం ఆయనకి ఏమైందని అడిగింది. ఆయన భార్య కరుణమ్మ చెప్పింది.

"చిన్నప్పుడు భీమవరం దగ్గర మిషను బళ్ళో డ్రిల్లు మేష్టారు ఎండలో కంకర మీద మోకాళ్ళ మీద నిలబెట్టాడంట పిన్నిగారూ. గంటసేపు. ఆ రోజుతో కాలు వంగటం పోయింది. ఆ దుర్మార్గుడు బతికున్నాడో చచ్చాడో."

ఆ దుర్మార్గుడు మూడడుగుల దూరంలో నోటినిండా కేకు పెట్టుకుని ఉన్నాడు. మింగలేకపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. దగ్గాడు. ఈ ఊళ్ళో చలి ఎప్పుడు మొదలవుతుందని పక్కవాణ్ణి అడిగాడు. ఆ పక్కవాడు బాబాయి గారు అక్కడ ఏం చేసేవారని అడిగితే, స్టోర్‌కీపర్‌ని అన్నాడు. అంతే, అయిపోయింది. ఒకసారి బయటికి వచ్చిన మాట మళ్ళీ లోపలికి వెళ్ళదు కదా.

అసలు సంగతి జరిగింది యాభై ఒకటో సంవత్సరం మార్చిలో. వరసలో నిలబడి నవ్వాడని పన్నెండేళ్ళ కుర్రాణ్ణి వాలీబాల్ కోర్టు పక్కన కంకర మీద మోకాళ్ళ మీద ఉండమని, తాత టీచర్ల గదిలోకి టీ తాగడానికి వెళ్ళాడు. బల్ల మీద పేపరుంది. టీ అయిపోయింది, పేపరు అయిపోయింది, పేపరు వెనక ప్రకటనలు కూడా అయిపోయాయి. కుర్రాడు గుర్తొచ్చి పరిగెత్తేసరికి వాడు గోడ పక్కన పడి ఉన్నాడు. మోకాలు చిన్న గుమ్మడికాయంత వాచింది. ఎండకి ఆగలేక నీడ కోసం పాక్కుంటూ గోడ దాకా వెళ్ళాడని తాత అనుకున్నాడు. చుట్టూ మూగినవాళ్ళు ఎవరు చేశారని అడిగితే వాడు తాత వైపు వేలు చూపించాడు. సాయంత్రం వాడి తల్లి మిషను కాంపౌండు ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. మర్నాడు స్కూలు మేనేజరు తాత మెడలో ఈల తనే స్వయంగా తీసి సొరుగులో పెట్టుకున్నాడు. తాత మీసం తనే స్వయంగా తీసేసుకున్నాడు. కుర్రాణ్ణి మేనమామ వేలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాడని, కాలు ఇంక వంగదన్నారని తర్వాత విన్నాడు.

ఆ కుర్రాడు ఇక్కడున్నాడు. తను ఇక్కడున్నాడు. మధ్యలో బల్ల ఉంది.

సహోదరుడి మీద నీకో, నీ మీద సహోదరుడికో ఏదైనా ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి, ఆ తర్వాతే బల్ల దగ్గరికి రమ్మని తాత చిన్నప్పటి నుంచీ విన్నాడు. ఆ మాటతో తమాషా చేసే మనిషి కాదు. అందుకని ప్రతి కూడికలోనూ బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తున్నారనగానే లేచి, కారు లైట్లు ఆర్పానో లేదో చూసొస్తానని మెట్లెక్కి బయటికి పోయేవాడు. ఆయనకి కారు లేదు. డ్రైవింగ్ రాదు. సంఘంలో అందరికీ ఆ సంగతి తెలుసు. పెద్దవాడు కదా, ఒంటికి వెళ్ళొస్తున్నాడేమోనని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. దీనమ్మ మాత్రం ఇంటికొచ్చాక, మీ కారు ఏ రంగో ఈసారైనా చూసి చెప్పండి అనేది.

ఇంతవరకూ అయితే తాత ఎలాగో దొర్లించేసేవాడే. కానీ అబ్రహాం ఆయనకి స్నేహితుడైపోయాడు.

అబ్రహాం దగ్గర న్యూయార్క్ జెయింట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆటలకి ఏడాది మొత్తానికి సరిపడే సీజన్ టికెట్లు రెండుండేవి. ఆఫీసులో ఒక అమెరికన్‌తో కలిసి వెళ్ళేవాడు. డెబ్భై ఎనిమిది వేసవిలో ఆ అమెరికన్‌కి వేరే ఊరు బదిలీ అయింది. కరుణమ్మకి ఆ ఆటంటే తలనొప్పి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉండే తెలుగు పెద్దమనిషి ఊరంతా కలిపి ఆమోసు తాత ఒక్కడే. బాబాయి గారూ, సరదాగా వస్తారా అని అబ్రహాం ఫోన్ చేశాడు. తాత వద్దనాలనుకున్నాడు. నోరు సరేనంది.

అసలు ఆ టీమ్ మీద అబ్రహాంకి అంత ప్రేమ ఎందుకో ఎవరికీ అర్థమయ్యేది కాదు. జెయింట్స్ అంటే రాక్షసులంత మనుషులని పేరేగానీ, చాలా ఏళ్ళుగా ఎవడు తంతే వాడికి పడిపోతున్నారు. అబ్రహాం చదువుకోడానికి వచ్చిన మొదటి చలికాలం, ఒక్కడే గదిలో ఉంటే ఇంటి ఓనరమ్మ పాత రేడియో ఇచ్చిందట. దాంట్లో వీళ్ళు ఓడిపోతూ వినిపించేవాళ్ళు. వారం వారం ఓడిపోయి కూడా మళ్ళీ ఆదివారం సిగ్గులేకుండా వస్తున్నారే అని ముచ్చటేసిందట. నాలాంటివాళ్ళే అనిపించింది బాబాయి గారూ అని చెప్పాడు. తాత కారు కిటికీలోంచి బయటికి చూశాడు.

స్టేడియం ముప్పావుగంట డ్రైవు. చిత్తడినేలల మధ్య పెద్ద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టుండేది. కార్ల డిక్కీలు తెరిచి పొయ్యిలు పెట్టి జనం సాసేజీలు కాల్చుకునేవాళ్ళు. దీనమ్మ విశ్రాంతి దినాన ఈ పాడు ఆటలేమిటని సణుగుతూనే కోడి వేపుడూ చపాతీలూ ఫ్లాస్కులో టీ కట్టిచ్చేది. పక్క కారువాళ్ళు వాసన చూసి తల తిప్పేవాళ్ళు. రెండోవారానికి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు.

సీట్లు చాలా పైన. మెట్లు నిట్టనిలువుగా ఉండేవి. ఎక్కడం అబ్రహాంకి పర్వాలేదు, కమ్మీ పట్టుకుని ఎక్కేసేవాడు. దిగడమే కష్టం. మొదటి రోజే తాత ఏమీ అడక్కుండా ఒక మెట్టు కింద నిలబడి, వెనక్కి తిరక్కుండా, ఎడమ భుజం కాస్త పైకెత్తాడు. అబ్రహాం చెయ్యి వేశాడు. అలా డెబ్భై మెట్లు. ఆ రోజు నుంచీ అదే పద్ధతి. తాత లోపల ఏమనుకుంటూ దిగేవాడో అబ్రహాంకి తెలీదు.

ఆట మాత్రం తాతకి ప్రాణమైపోయింది. బంతి గుండ్రంగా లేదని, రెండు వైపులా చెక్కిన బాదంకాయలా ఉందని మొదట్లో నవ్వుకున్నాడు. కానీ వరసగా వంగి నిలబడటం, బంతి కదిలేదాకా ఎవడూ కదలకపోవడం, ముందే కదిలితే ఈల, శిక్ష, ఇదంతా చూసి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఈల మోగినప్పుడల్లా చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయేది. అక్కడ స్వెటర్ బొత్తాం ఉండేది.

ఒకసారి అబ్రహాం ఇంట్లో టీవీలో వేరే టీముల ఆట చూస్తున్నారు. ఆఖరి నిమిషం. ముందున్న టీమ్ నాయకుడు బంతి అందుకున్నాడు, గబుక్కున ఒక మోకాలు నేలకి ఆనించాడు. ఈల పడింది. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ మోకాలు వేశాడు. తాత కుర్చీ అంచుకి జరిగాడు.

"వాడేం తప్పు చేశాడు?"

అబ్రహాం పొట్ట పట్టుకుని నవ్వాడు. తప్పు కాదు బాబాయి గారూ, గెలిచాడు అని చెప్పాడు. ముందున్నవాడు బంతి పట్టుకుని మోకాలు నేలకి ఆనిస్తే చాలు, అక్కడికి బంతి చచ్చినట్టే, ఎవడూ లాక్కోడానికి వీల్లేదు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అలా టైం అయిపోతుంది, ఆట చేతికొస్తుంది. రెండు మోకాళ్ళూ అక్కర్లేదు, ఒక్కటి చాలు.

తాత ఆ రాత్రి దీనమ్మకి చెప్పాడు, ఈ దేశంలో మోకాళ్ళ మీద ఉన్నవాడే గెలుస్తాడట అని. దీనమ్మ దుప్పటి లాక్కుంటూ, ఏ దేశంలోనైనా అంతే, వెళ్ళి ఆ అబ్బాయికి చెప్పేయండి అంది. ఆవిడకి మొదటి రోజు నుంచీ అన్నీ తెలుసు. మొగుడి చెవులు చూస్తూ ముప్ఫైనాలుగేళ్ళు కాపురం చేసింది మరి.

చెప్పేయాలనే తాత కూడా అనుకున్నాడు. టీమ్ గెలిచిన రోజు చెప్పాలని ఒక లెక్క పెట్టుకున్నాడు. గెలిస్తే అబ్రహాం చిన్నపిల్లాడైపోతాడు, ఓడితే కార్లో రేడియో కూడా పెట్టడు. ఆ ఏడాది విచిత్రంగా మొదటి ఎనిమిది ఆటల్లో ఐదు గెలిచారు. కానీ గెలిచిన రోజు, ఇంత సంతోషంగా ఉన్నవాడి నోట్లో ఈ చేదెందుకు పోయాలి అనుకునేవాడు. ఓడిన రోజు, ఇప్పటికే ఏడుస్తున్నాడు కదా అనుకునేవాడు. చెబితే ఏం పోతుందో తాతకి బాగా తెలుసు. ఆదివారాలు పోతాయి. భుజం మీద చెయ్యి పోతుంది. ఇంగ్లీషు సరిగా రాని, కారు లేని, కూతురు డ్యూటీకి పోతే టీవీ ముందు కూర్చునే మనిషికి ఆ దేశంలో ఉన్న ఒకే ఒక్క స్నేహం పోతుంది. చెప్పకపోతే బల్ల దగ్గరికి వెళ్ళలేడు. ఎటు చూసినా ఏదో ఒకటి పోయేదే. అందుకని వాయిదా వేశాడు. వాయిదా వెయ్యడంలో తాతని మించినవాడు ఇప్పటికీ మా వంశంలో పుట్టలేదు.

తర్వాత వరసగా మూడు ఓడారు, మూడూ బయటి ఊళ్ళలోనే. నవంబరు పందొమ్మిదిన సొంత స్టేడియంలో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో ఆట.

ఆ రోజు గెలిచేశారు. అంటే, గెలిచేసినట్టే. పదిహేడు, పన్నెండు. ఇంకా అర నిమిషం పైచిలుకు ఉంది, బంతి జెయింట్స్ చేతిలో ఉంది. అవతలివాళ్ళకి గడియారం ఆపే వీలు కూడా లేదు. జనం లేచి గేట్ల వైపు నడుస్తున్నారు. అబ్రహాం దుప్పటి మడతపెడుతూ, ఏముంది బాబాయి గారూ, ఇంక మోకాలు వేస్తారు, అయిపోతుంది అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. తాత ఆ ముఖం వైపు చూశాడు. మోకాలు అన్న మాట చెవిలో గంటలా మోగింది. ఇదే సమయం అనుకున్నాడు. ఫ్లాస్కు గట్టిగా పట్టుకుని అనేశాడు.

"అబ్రహాం గారూ, ఆ డ్రిల్లు మేష్టార్ని నేనే."

సరిగ్గా అప్పుడే డెబ్భైవేల మంది ఒక్కసారి అరిచారు.

మోకాలు వెయ్యలేదు. ఏ దేవుడు ఏ బుద్ధి పుట్టించాడో, మోకాలు వెయ్యకుండా బంతిని పక్కవాడికి అందించబోయారు. అది చెయ్యి జారింది. నేల మీద ఒక్క గెంతు గెంతింది. అవతలివాడొకడు దాన్ని ఎదురుపడ్డ చుట్టంలా కావలించుకుని చివరి గీత దాటేదాకా పరిగెత్తాడు. పందొమ్మిది, పదిహేడు. ఆట పోయింది.

అబ్రహాం నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. తాత చెప్పింది ఒక్క అక్షరం కూడా ఆయన చెవిలో పడలేదు. ఇరవయ్యేడేళ్ళు దాచిన మాటని ఒక బాదంకాయ బంతి మింగేసింది.

డెబ్భై మెట్లూ దిగారు. భుజం మీద చెయ్యి ఆ రోజు బరువుగా ఉంది. కార్లో చాలాసేపటికి అబ్రహాం, ఇందాక మీరేదో అన్నట్టున్నారు అన్నాడు. ఫ్లాస్కు మూత మర్చిపోయామేమో అన్నానని తాత చెప్పి, దగ్గి, పొగమంచు బాగా పడుతోందన్నాడు. అబ్రహాం వినలేదు. స్టీరింగు మీద కొట్టుకుంటూ ఒకటే మాట. ఒక్క మోకాలు వేస్తే ఏం పోయింది, అరగంట పని కాదే, అర నిమిషం, పొగరు కాకపోతే ఏమిటి. తర్వాత గొంతు తగ్గిపోయింది. కుడి మోకాలు నిమురుకుంటూ తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

"మోకాలు వెయ్యమన్నప్పుడు వెయ్యనివాడికి ఇలాగే అవుతుంది."

ఆ మాట తనకే తగిలిందనుకున్నాడు తాత. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ తర్వాత ఊళ్ళో ఆ టీమ్ పేరెత్తితే జనం ఉమ్మేసే పరిస్థితి. ఇంకో రెండు ఆటలు ఓడారు. స్టేడియం బయట టికెట్లు తగలబెట్టారని పేపర్లో వచ్చింది. అబ్రహాం కూడా తన టికెట్లు చెత్తబుట్టలో వేశాడు. డిసెంబరు పదిన ఆ ఏడాదికి అక్కడ ఆఖరి ఆట. ఆ తర్వాతి శనివారం క్రిస్మస్ కూడిక, బల్ల ఉంటుంది. ఈసారి మీరు బయటికి పోతే నేనూ మీ వెంట వస్తాను, అందరూ అడుగుతారు, ఏం చెబుతారో చెప్పుకోండి అంది దీనమ్మ. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. తాత ఫోన్ తీసి, తన జీవితంలో మొదటిసారి అబ్రహాంకి తనే డయల్ చేశాడు. చెత్తబుట్టలోంచి టికెట్లు తియ్యమన్నాడు.

ఆ రోజు స్టేడియం సగం ఖాళీ. వచ్చినవాళ్ళు కూడా తిట్టడానికి వచ్చినవాళ్ళే. చలి కోస్తోంది. తాత కోతిటోపీ మీద జెయింట్స్ టోపీ పెట్టుకున్నాడు. ఆ తల చూస్తే మామూలు రోజైతే అబ్రహాం నవ్వేవాడు. కాసేపటికి ఒక చిన్న విమానం గుడ్డ తోక ఒకటి లాక్కుంటూ స్టేడియం మీదుగా వచ్చింది. దాని మీద ఏం రాసుందో అబ్రహాం చదివి చెప్పాడు. పదిహేనేళ్ళుగా దిక్కుమాలిన ఆట, ఇంక చాలు అని. జనం లేచి, చాలు చాలు అని అరవడం మొదలెట్టారు. తాతకి ఆ అరుపు తన కోసమే అనిపించింది. ఈసారి అరుపు తగ్గేదాకా ఆగాడు. చుట్టూ చూసుకున్నాడు. ముందు రెండు వరసలూ ఖాళీ.

"ఆ బళ్ళో డ్రిల్లు మేష్టార్ని నేనే, అబ్రహాం గారూ. మీసం ఉండేది. మిమ్మల్ని కంకర మీద నిలబెట్టి పేపరు చదువుకుంటూ మర్చిపోయాను. మీ కాలు నా మూలంగా పోయింది."

అబ్రహాం తల తిప్పి చూశాడు. ఆ ముఖంలో మీసం పెట్టి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు. కోపం వస్తుందని తాత భుజాలు బిగించుకున్నాడు. కోపం రాలేదు. అబ్రహాం రంగు పాలిపోయింది.

"మీ ఉద్యోగం తీసేశారని మా అమ్మ చెప్పింది. తర్వాత ఏమయ్యారు?"

స్టోర్‌కీపర్ ఉద్యోగం అబద్ధం కాదని తాత చెప్పాడు. ఇరవయ్యారేళ్ళు. మళ్ళీ ఈల ముట్టుకోలేదని కూడా చెప్పాడు.

అబ్రహాం చేతులు తొడల మధ్య దోపుకున్నాడు. మాటలు ఒక్కొక్కటే తీసి పెట్టాడు. నేను మోకాళ్ళ మీద లేను మేష్టారూ అన్నాడు. మీరు లోపలికి వెళ్ళగానే లేచాను. అందరూ చూస్తుంటే మోకాళ్ళ మీద ఉండటం నామోషీ అనిపించింది. ఇంటికి పారిపోదామని గోడెక్కి దూకాను. అవతలికి కాదు, కాలు జారి ఇవతలికే పడ్డాను, రాళ్ళ మీద, మోకాలు కింద పెట్టి. మీరొచ్చాక అందరూ మూగి ఎవరు చేశారంటే, గోడ దూకానని చెబితే మా నాన్న చంపేస్తాడని వేలు చూపించాను. ఒకసారి చూపించాక దించలేకపోయాను. మా అమ్మ దుమ్మెత్తి పోస్తున్నప్పుడూ చెప్పలేదు. వేలూర్లో డాక్టరుకీ చెప్పలేదు. కరుణకీ ఇప్పటిదాకా చెప్పలేదు.

తాతకి గోడ గుర్తొచ్చింది. కోర్టుకి గోడకి మధ్య దూరం గుర్తొచ్చింది. వాచిన మోకాలితో ఎవడైనా అంత దూరం పాకగలడా అని ఇరవయ్యేడేళ్ళలో ఒక్కసారి కూడా తనకి తట్టలేదు. తప్పు తనదే అని అంత గట్టిగా నమ్మేశాడు. ప్రతి రాత్రీ ఆ కుర్రాడి పేరు తలుచుకుని ప్రార్థన చేశాడు. ఎవరైనా పిల్లవాడు పరిగెడుతుంటే తల తిప్పుకున్నాడు. సొంత మనవలకి ఒక్క ఆట నేర్పలేదు.

దించుకున్న బరువు తేలికవ్వాలి కదా. తేలికవ్వలేదు. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది, ఇంకా వేడిగా ఉంది అది. తాత లేచాడు. ఇంటికి పోదాం అన్నాడు.

కింద జెయింట్స్ ఆ రోజు గెలుస్తున్నారు. పదిహేడు, సున్నా. వాళ్ళిద్దరిలో ఎవరూ చూడలేదు.

తాత గబగబా పది మెట్లు దిగేశాడు. వెనక కమ్మీ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు, కాలు ఈడుస్తున్న చప్పుడు, మళ్ళీ ఆగిపోయిన చప్పుడు వినిపించింది. తాత ఆగాడు. తిట్టుకుంటూ మళ్ళీ పది మెట్లు ఎక్కాడు. ఒక మెట్టు కింద నిలబడి, అటు తిరిగి, ఎడమ భుజం కాస్త పైకెత్తాడు. భుజం ఇచ్చాడు గానీ ముఖం ఇవ్వలేదు. కార్లో ఇంటి దాకా వాతావరణం గురించి కూడా మాట్లాడలేదు.

వారమంతా తాత ఒక్కడే గదిలో కూర్చున్నాడు. దీనమ్మకి చెబితే ఆవిడ ముందు ఏడ్చింది, తర్వాత, పన్నెండేళ్ళ పిల్లాడండీ అంది. ఇప్పుడు ముప్ఫైతొమ్మిది కదా అన్నాడు తాత.

శనివారం మధ్యాహ్నం కూడిక. క్రిస్మస్ పాటలు, పిల్లల నాటకం, గొర్రెపిల్ల వేషంలో ఒకడు నిద్రపోవడం, అన్నీ అయ్యాయి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. తాత లేచాడు. దీనమ్మ చెయ్యి పట్టుకోబోయి ఆయన ముఖం చూసి వదిలేసింది. ఇన్నాళ్ళూ తప్పు చేసినవాణ్ణి కదా అని బయటికి పోయేవాడు. ఈ రోజు తప్పు తనది కాదు. అయినా కాళ్ళు అటే నడిచాయి. క్షమించనివాడికి కూడా బల్ల దగ్గర చోటు లేదని ఆయనకి బాగానే తెలుసు.

బయట పార్కింగ్ లాట్. చర్చి వెనక భాగం సిమెంటు చెయ్యలేదు, కంకర పోశారు. అక్కడ కార్ల మధ్య ఇంకొకడు నిలబడి ఉన్నాడు. అబ్రహాం. తాతకంటే ముందే బయటికొచ్చేశాడు.

"కారు లైట్లు ఆర్పానో లేదో అని" అన్నాడు అబ్రహాం.

తాత కంకర వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపల్నుంచి పాట సన్నగా వినిపిస్తోంది. కరుణకి నిన్న చెప్పానని అబ్రహాం చెప్పాడు. ఆవిడ అన్నం పెట్టిందట, మాట్లాడలేదట. మా అమ్మకి ఉత్తరం రాశాను, ఆవిడ మీకు ఏం రాస్తుందో అన్నాడు. అప్పుడు అబ్రహాం చేతులకున్న గ్లౌజులు తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఆ రోజు శిక్ష ఇంకా బాకీ ఉంది మేష్టారూ. గంటసేపు అన్నారు."

"ఆ కాలు వంగదుగా."

"రెండోది వంగుతుంది. ఒక్క మోకాలు చాలదా?"

కారు బానెట్ పట్టుకుని, కుడికాలు ముందుకి చాపి, మెల్లగా ఎడమ మోకాలు వంచాడు. కంకర కరకరమంది. మంచి సూటు. పళ్ళు బిగబట్టాడు. చెయ్యి బానెట్ మీద నుంచి జారి ఒళ్ళో పడింది. తల వంచుకుని అలాగే ఉండిపోయాడు.

అయ్యో లేవండి డాక్టరు గారూ అని ఇంకెవరైనా అనేవాళ్ళు. తాత అనలేదు. ఆపలేదు. ఆ ఇరవయ్యేడేళ్ళలో ఒక్కో ఏడాదీ కళ్ళ ముందు నుంచి పోతుంటే నిలబడి చూశాడు. ఈల సొరుగులో పడిన చప్పుడు, ఫినాయిలు వాసన, అద్దంలో మీసం లేని ముఖం. లోపల ఒక పాట అయిపోయి ఇంకొకటి ఎత్తుకున్నారు. అబ్రహాం చెవులు చలికి ఎర్రబడ్డాయి. ఎడమ మోకాలు వణకడం మొదలెట్టింది. ఈసారి తాత పేపరు చదువుకోడానికి లోపలికి వెళ్ళలేదు. అక్కడే నిలబడ్డాడు.

తర్వాత రెండడుగులు ముందుకి వేశాడు. గొంతు సవరించుకున్నాడు. అది దగ్గు కాదు.

"స్టాండప్" అన్నాడు.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు. ఎదురింటి వరండాలో కుక్క కూడా లేచి నిలబడింది. అబ్రహాం లేవబోయాడు, లేవలేకపోయాడు. తాత పక్కకి వంగి తన ఎడమ భుజాన్ని అబ్రహాం చంక కింద పెట్టాడు. ఈసారి ముఖం అటు తిప్పుకోలేదు. ఆ పెద్దమనిషికి యాభై ఏడేళ్ళు, ఈ పెద్దమనిషి బరువు ఎనభై కిలోలు. ఇద్దరూ కలిసి లేచేసరికి ఇద్దరి టోపీలూ కింద పడ్డాయి.

లోపలికి వెళ్ళేసరికి బల్ల అయిపోయింది. తెల్లగుడ్డ మడతపెట్టేశారు. ఇంక మళ్ళీ జనవరిలోనే. దీనమ్మ టీ కప్పులు రెండు పట్టుకుని వచ్చి ముందు మొగుడి ముఖం చూసింది, తర్వాత అబ్రహాం ప్యాంటు చూసింది. ఒక్క మోకాలి దగ్గరే మట్టి, నొక్కుకుపోయిన కంకర గుర్తులు. కుడి మోకాలు ఇస్త్రీ మడత నలక్కుండా ఉంది.

ఏమైందని ఆవిడ అడిగింది. తాత చెవులు ఎర్రబడలేదు.

"లైట్లు ఆర్పొచ్చాం" అన్నాడు.